లింకన్ చేతికి గొడ్డలిచ్చి రక్తపిశాచాల మీదికి పంపడం మీలో ఎవరికైనా నచ్చిందా?

సోషల్_మాస్టారు
నిన్న రాత్రి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో "అబ్రహం లింకన్: వాంపైర్ హంటర్" పెట్టాడు. 2012 నాటి సినిమా. 2010లో సేథ్ గ్రాహమ్-స్మిత్ రాసిన నవల దానికి మూలం. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతా. లింకన్ చిన్నప్పుడు వాళ్ళమ్మని ఒక రక్తపిశాచి చంపేస్తుంది. పెద్దయ్యాక ఆయన పగలు లా పుస్తకాలు చదువుతూ, రాత్రిళ్ళు వెండి పూత పూసిన గొడ్డలితో పిశాచాల్ని వేటాడుతుంటాడు. అమెరికా దక్షిణాది తోటల యజమానుల్లో చాలామంది పిశాచాలే. బానిసల్ని కొనేది తిండికి. అంతర్యుద్ధంలో కూడా ఎదుటివైపు నిలబడేది వాళ్ళే.

ఫైట్లతో నాకు పేచీ లేదు. 1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. వాళ్ళని కొన్నదీ అమ్మిందీ, తల్లి ఒళ్ళోంచి పిల్లల్ని లాగి వేలం వేసిందీ మామూలు మనుషులు. ఆదివారం చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఆ పాపాన్ని కోరలున్న దెయ్యాల నెత్తిన రుద్దేస్తే మనుషులకి భలే సుఖం కదా? నాకొక్కడికే ఇలా అనిపించిందా, లేక ఇది నా చాదస్తమా?

రీలుపిచ్చి
చాదస్తమే మాస్టారూ. గుర్రాల మంద పరుగెడుతుంటే వాటి వీపుల మీద ఎగురుతూ కొట్టుకునే సీను చూస్తూ జనాభా లెక్కలు గుర్తుచేసుకున్నది ప్రపంచంలో మీరొక్కరే అయ్యుంటారు. మనకి కత్తి కాంతారావు, వాళ్ళకి గొడ్డలి లింకన్. అంతకు మించి అందులో ఏమీ లేదు.

కృష్ణా_కరకట్ట
గొడ్డలి లింకన్, హహహ. పేరు అదిరింది.
గొడ్డలి మాత్రం కల్పన కాదండోయ్. కుర్రతనంలో చెట్లు కొట్టి కంచె కర్రలు చీల్చే పని చేశాడాయన. 1860లో ఇల్లినాయ్ రాష్ట్ర పార్టీ మహాసభలోకి వాళ్ళ బంధువొకాయన ఆ కర్రలు రెండు పట్టుకొచ్చి చూపిస్తే జనం ఊగిపోయారు. ఆ దెబ్బతో లాయరు గారు కాస్తా కష్టజీవి అయిపోయాడు. మన నాయకులు ఎన్నికలప్పుడు నాగలి పట్టుకుని ఫొటో దిగడం లాంటిదే, కాకపోతే ఆయన నిజంగా ఆ పని చేసినవాడు.

రీలుపిచ్చి
కుస్తీ కూడా పట్టేవాడు. 1831లో న్యూ సేలంలో జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వస్తాదుతో పోటీ బాగా పేరు మోసింది. మనిషి 6 అడుగుల 4 అంగుళాలు. యాక్షన్ హీరోకి ఇంకేం కావాలి?

పాతపుస్తకాల_కొట్టు
మాస్టారు సినిమా మాత్రమే చూశారు కాబట్టి నవల గురించి కాస్త చెబుతాను. రెండూ ఒకటి కావు.

నవలని లింకన్ రహస్య డైరీలు దొరికినట్టు, వాటి ఆధారంగా జీవితచరిత్ర రాస్తున్నట్టు నడిపాడు. అందులో ఉన్న కొంటెతనం ఏమిటంటే, ఆయన జీవితంలో నిజంగా జరిగిన చావుల దగ్గర పిశాచిని నిలబెట్టడం. 1818లో తల్లి నాన్సీ పోయింది, అప్పటికి పిల్లాడికి తొమ్మిదేళ్ళు. 1835లో ఆయన ఇష్టపడిందని చెప్పుకునే ఆన్ రట్లెడ్జ్ పోయింది. కొడుకుల్లో ఎడ్డీ 1850లో, విల్లీ 1862లో వైట్‌హౌస్‌లోనే పోయారు. ఇన్ని చావులు ఒక మనిషి చుట్టూ ఉంటే చదివేవాడికి నిజంగానే "ఏదో వెంటాడుతోంది" అనిపిస్తుంది. రచయిత పట్టుకున్నది ఆ భావాన్నే.

1828లోనూ 1831లోనూ లింకన్ సరుకు పడవ మీద న్యూ ఆర్లీన్స్ వెళ్ళాడు, అది చరిత్ర. నవలలో ఆ ఊళ్ళోనే రచయిత ఎడ్గార్ అలన్ పో కూడా తగులుతాడు. బానిసల వేలంలో కొనేవాడు ఎందుకు కొంటున్నాడో లింకన్‌కి తెలిసొచ్చేదీ అక్కడే. మాస్టారు చెప్పిన తప్పు నవలలోనూ ఉంది, కాదనను. కానీ నవల ముగింపు చూడండి: లింకన్‌ని చంపిన బూత్ కూడా పిశాచే, చనిపోయిన లింకన్‌ని అతని పిశాచ మిత్రుడు హెన్రీ మళ్ళీ లేపుతాడు. సినిమాలో మాత్రం లింకన్ అమరత్వం వద్దనేస్తాడు. ఈ ఒక్క విషయంలో సినిమాకే నా ఓటు.

వేపచెట్టు_నీడ
ఎవరూ చదవని నవల ముగింపు చెప్పేశావు కొట్టు అన్నా. చదువుదామనుకున్నా.

పాతపుస్తకాల_కొట్టు
పద్నాలుగేళ్ళు దాటింది తమ్ముడూ వచ్చి. ఇంకెప్పుడు చదువుతావు?

డాక్టరమ్మ_కర్నూలు
వాళ్ళమ్మ చావు గురించి అసలు సంగతి పిశాచి కథకన్నా భయంకరం. ఆమెకి వచ్చింది "పాల జబ్బు". ఇండియానా అడవుల్లో తెల్లపూల మొక్క ఒకటి ఉండేది, వైట్ స్నేక్‌రూట్ అంటారు. అందులో విషం ఉంటుంది. ఎండలకి గడ్డి తగ్గినప్పుడు ఆవులు అది మేసేవి. విషం పాలలోకి దిగేది. ఆ పాలు తాగిన ఇంటివాళ్ళు వాంతులతో, వణుకుతో రోజుల్లో పోయేవాళ్ళు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కారణం వైద్యశాస్త్రానికి గట్టిగా తేలింది 1928లో. షానీ అనే అమెరికా ఆదివాసీ తెగకి చెందిన ఒక ఆవిడ ఆ మొక్కని గుర్తుపట్టి అంతకు దాదాపు వందేళ్ళ ముందే ఒక నర్సుకి చూపించిందని అక్కడ చెప్పుకుంటారు.

ఒకసారి ఆలోచించండి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు, కారణం తెలీదు, తాగుతున్నదేమో పాలు. పిశాచి కథ పుట్టడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

నిజంగా పుట్టింది కూడా, కాకపోతే పాల జబ్బుకి కాదు, క్షయకి. 1892లో రోడ్ ఐలండ్‌లోని ఎక్సెటర్ అనే ఊళ్ళో మెర్సీ బ్రౌన్ అని 19 ఏళ్ళమ్మాయి క్షయతో పోయింది. అంతకుముందే తల్లీ అక్కా పోయారు, అన్నకి కూడా జబ్బు ముదిరింది. చచ్చినవాళ్ళలో ఒకరు బతికున్నవాళ్ళని పీలుస్తున్నారని ఊరివాళ్ళు పట్టుబట్టి సమాధులు తెరిపించారు. చలికాలం కాబట్టి మెర్సీ శవం చెడలేదు. గుండె కోసి, బండ మీద కాల్చి, ఆ బూడిద కలిపి అన్న చేత తాగించారు. రెండు నెలలకి అతనూ పోయాడు. క్షయ క్రిమిని కోఖ్ కనిపెట్టి అప్పటికే పదేళ్ళు.

కృష్ణా_కరకట్ట
అంటే లింకన్ పోయిన 27 ఏళ్ళకి కూడా అమెరికాలో నిజంగా పిశాచి వేట జరుగుతోందన్నమాట. సినిమావాళ్ళు ఇది వదిలేసి గుర్రాల మీద పడ్డారేంటి!

అమావాస్య
నా సబ్జెక్ట్ వచ్చింది, జరగండి.

సినిమాలు చూసి పిశాచి రూల్స్ అన్నీ పురాణకాలం నుంచి ఉన్నాయనుకుంటారు జనం. కాదు. 1732లో సెర్బియా పల్లెల్లో శవాల్ని తవ్వి ఆస్ట్రియా సైనిక వైద్యులు రిపోర్టు రాశారు. అప్పుడే యూరప్ పత్రికల్లో ఈ గోల మొదలైంది. ఆ పల్లెటూరి పిశాచి ఉబ్బిన శవం, మొహం ఎర్రగా ఉన్న రైతు. కోటు వేసుకుని ఇంగ్లిష్ మాట్లాడే దొరబాబు పిశాచి 1819లో పాలిడోరి కథతో వచ్చాడు. 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులాతో స్థిరపడ్డాడు. ఎండ తగిలితే చావడం స్టోకర్ పుస్తకంలో లేదు, అందులో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఎండకి చావడం 1922 నాటి మూకీ సినిమా నోస్ఫెరాటుతో వచ్చింది. ఇక వెండి అనేది ఎక్కువగా తోడేలు మనుషుల కథల నుంచి అప్పు తెచ్చుకున్నదే.

కాబట్టి 1820ల ఇండియానాలో వెండి గొడ్డలితో దొరబాబు పిశాచాల్ని నరకడం అంటే, పాత కథల పరంగా చూసినా కలగాపులగమే. మాస్టారికి చరిత్ర పాడైందని బాధ. నాకు దెయ్యాలు పాడయ్యాయని బాధ.

నిద్రరాని_నరసమ్మ
మన భేతాళుడే నయం. చెట్టుకి వేలాడుతూ కథలు చెప్పి ప్రశ్న వేస్తాడు గానీ ఎవరి రక్తమూ తాగడు.

అమావాస్య
@నిద్రరాని_నరసమ్మ అత్తా, ఆయన్నీ వదల్లేదు. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి, పుస్తకం పేరులోనే భేతాళుణ్ణి వాంపైర్ చేసి కూర్చోబెట్టాడు.

సోషల్_మాస్టారు
అమ్మా డాక్టరమ్మా, పాల జబ్బు సంగతి చాలా బాగా చెప్పారు, రేపు క్లాసులో వాడుకుంటాను. కానీ నా ప్రశ్న పక్కకి పోతోంది. రోగానికి కారణం తెలియక పిశాచి అన్నారంటే అర్థం చేసుకోవచ్చు. బానిసత్వానికి కారణం తెలియకపోవడం ఏముంది? పత్తి, పొగాకు, చెరకు, లాభం. లెక్కల పుస్తకాల్లో రాసుకున్నారు, ఒక్కో మనిషికి ఎంత ధర అని. తెలిసిన కారణం పక్కన పెట్టి దెయ్యాన్ని తెస్తే అది తప్పించుకోవడమే.

ఎర్రమందారం
మాస్టారితో సగం ఏకీభవిస్తాను.

రక్తం పీల్చడం అనే పోలిక సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. 1867లో మార్క్స్ "పెట్టుబడి" మొదటి సంపుటంలో, పెట్టుబడి అంటే చచ్చిన శ్రమ అనీ, రక్తపిశాచిలా బతికున్న శ్రమని పీల్చి బతుకుతుందనీ రాశాడు. అదే మార్క్స్, 1864 చివర్లో లింకన్ రెండోసారి గెలిచినప్పుడు అంతర్జాతీయ కార్మిక సంఘం తరఫున అభినందన లేఖ రాశాడు. లండన్‌లోని అమెరికా రాయబారి దానికి జవాబు కూడా పంపాడు. పిశాచీ లింకనూ ఒకే కలం కింద అప్పుడే కలిశారు!

లింకన్ మాట కూడా వినండి. 1865 మార్చి 4న రెండో ప్రమాణ స్వీకారం రోజున ఆయన అన్నదాని సారం ఇది: రెండువందల యాభై ఏళ్ళ ఉచిత చాకిరీతో పోగైన సంపద అంతా మునిగిపోయేదాకా, కొరడా చిందించిన ప్రతి రక్తపు చుక్కకీ కత్తి చిందించే చుక్క బదులు తీరేదాకా, ఈ యుద్ధం సాగాలన్నది దేవుడి ఇష్టమైతే, అది న్యాయమే. పాపం ఉత్తరాదిది కూడా అన్నాడాయన ఆ ప్రసంగంలో. సినిమా ఎక్కడ చెడిందంటే, పోలికని పోలికగా ఉంచకుండా నిజం పిశాచిని చేసింది. పిశాచి అయితే నరికేస్తే సరి. మనిషైతే యుద్ధం అయిపోయాక కూడా పొలం అతని చేతిలోనే ఉంటుంది, చట్టం కూడా.

రీలుపిచ్చి
ఒక గొడ్డలి సినిమా పాపం, ఇప్పుడు మార్క్స్‌ని కూడా మోయాలి.

బ్లూమింగ్టన్_బుల్లోడు
మేం ఉండేది ఇల్లినాయ్‌లో, స్ప్రింగ్‌ఫీల్డ్ కారులో గంటకి పైన. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాం, టికెట్ లేదు మరి. సమాధి ముందు ఆయన కంచు తల ఉంటుంది. అదృష్టమని అందరూ ముక్కు తడిమి తడిమి అది మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది. మా మావయ్య దండం కూడా పెట్టాడు.

మీ పిశాచాల గోలకి సరిపడే నిజం కథ ఒకటి ఆ సమాధి దగ్గర ఉంది. 1876 నవంబర్ 7, దేశమంతా ఎన్నికల హడావిడి. ఆ రాత్రి దొంగనోట్ల ముఠా ఒకటి లింకన్ శవపేటికని ఎత్తుకుపోదామని వచ్చింది. జైల్లో ఉన్న వాళ్ళ అచ్చు పనివాణ్ణి వదలాలి, పైగా రెండు లక్షల డాలర్లు ఇవ్వాలి, అప్పుడే శవం తిరిగిస్తాం, ఇదీ ప్లాన్. ముఠాలోనే పోలీసుల మనిషి ఉండటంతో బెడిసికొట్టింది. ఆ భయంతో తర్వాత చాలాకాలం పేటికని అక్కడే రహస్యంగా దాచారు. చివరికి 1901లో పెద్దకొడుకు రాబర్ట్ పట్టుబట్టి ఉక్కు చట్రంలో పెట్టించి, కాంక్రీటు పోయించాడు. పూడ్చేముందు లోపల ఉన్నది ఆయనేనా అని మూత కోసి చూశారు. పోయి 36 ఏళ్ళు. మొహం గుర్తుపట్టేలా ఉందట, గడ్డం, పుట్టుమచ్చ అన్నీ.

డాక్టరమ్మ_కర్నూలు
శవం చెడకుండా ఎంబామింగ్ గట్టిగా చేశారు కదా, రైల్లో ఊరూరా తిప్పడానికి. అదే శవం ఎక్సెటర్‌లో దొరికి ఉంటే గుండె తీసి కాల్చేసేవాళ్ళు.

అమావాస్య
ఉక్కు చట్రం, పైన కాంక్రీటు, చెడని మొహం. డ్రాకులాకి కూడా ఇంత బందోబస్తు లేదు. ఆ నవలారచయిత ఆయన్ని మళ్ళీ లేపాడంటే ఊరికే లేపలేదు.
దీనికి తోడు మేరీ లింకన్ సంగతి. విల్లీ పోయాక వైట్‌హౌస్‌లో ఆత్మల్ని పిలిపించింది. భర్త పోయాక మమ్లర్ అనే ఫొటోగ్రాఫర్ దగ్గర ఫొటో దిగితే, వెనక లింకన్ ఆత్మ ఆమె భుజాల మీద చేతులు వేసినట్టు వచ్చింది. అంతా ప్లేట్ల మీద మాయ. కానీ ఆమె దాన్ని నమ్మింది.

వేపచెట్టు_నీడ
పాపం. ముగ్గురు కొడుకులు పోయారు కదా ఆవిడకి.

పాతపుస్తకాల_కొట్టు
అవును, ఎడ్డీ, విల్లీ, తర్వాత 1871లో టాడ్. దెయ్యాలతో లింకన్ కథ చెప్పాలంటే ఎలా చెప్పాలో జార్జ్ సాండర్స్ చూపించాడు. "లింకన్ ఇన్ ద బార్డో", 2017లో బుకర్ వచ్చింది. విల్లీ శవాన్ని జార్జ్‌టౌన్ శ్మశానంలో ఉంచిన రాత్రి, తండ్రి ఒక్కడే అక్కడికి వస్తాడు. కథ చెప్పేది చుట్టూ ఉన్న ఆత్మలు. వాళ్ళలో బానిసలుగా బతికి పోయినవాళ్ళూ ఉంటారు, వాళ్ళని తెల్ల దెయ్యాలు అక్కడ కూడా దగ్గరికి రానివ్వవు. మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు నాకు ఆ పేజీల్లో కనిపించింది. దెయ్యాన్ని తేవడం తప్పు కాదు. ఆ దెయ్యం బతికున్నప్పుడు చేసింది దాచితే తప్పు.

మూడోక్లాసు_టికెట్
అందరూ ఆ పిల్ల సినిమా మీద పడ్డారు. అదే 2012 నవంబర్‌లో స్పీల్‌బర్గ్ "లింకన్" వచ్చింది. లింకన్‌గా వేసిన డే-లూయిస్‌కి ఆస్కార్, టోనీ కుష్నర్ స్క్రిప్ట్, అందరూ లేచి చప్పట్లు. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ ఓటింగ్ సీన్‌లో కనెక్టికట్ సభ్యులు ఇద్దరు "వద్దు" అన్నట్టు చూపించారు. వాస్తవానికి ఆ రాష్ట్రం నలుగురూ "కావాలి" అనే ఓటేశారు. ఆ రాష్ట్ర కాంగ్రెస్ సభ్యుడొకాయన 2013లో బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు కూడా. గొడ్డలి సినిమా చూసి ఎవడూ నిజమనుకోడు. ఇది చూసినవాడు మాత్రం నిజమనే అనుకుంటాడు. ఏది ప్రమాదం?

రీలుపిచ్చి
శభాష్, ఇదే నేను చెప్పబోయింది!

కృష్ణా_కరకట్ట
నువ్వు చెప్పబోయింది గుర్రాల గురించి.

మూడోక్లాసు_టికెట్
ఇంకోటి. స్పీల్‌బర్గ్ సినిమాలో బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ లేడు. రెండున్నర గంటలు బానిసత్వ నిషేధం గురించి నడిపి, ఆయన్ని ఒక్క సీన్‌లో కూడా చూపించలేదు. నల్లవాళ్ళు గ్యాలరీలో కూర్చుని తెల్లవాళ్ళ ఓటు కోసం ఎదురుచూస్తారు. గొడ్డలి సినిమాలో కనీసం నల్లజాతి మిత్రుడు విల్ జాన్సన్ లింకన్ పక్కన నిలబడి కొడతాడు, బానిసల్ని తప్పించిన హారియట్ టబ్‌మన్ కూడా కనిపిస్తుంది.

ఎర్రమందారం
మొదటి సీన్‌లోనే నల్ల సైనికులు లింకన్‌ని నిలదీస్తారు కదా, జీతాల గురించి, ఆఫీసర్ పదవుల గురించి. అది మర్చిపోతే ఎలా? కానీ మొత్తం మీద మీ మాట సరైనదే. యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది వైపు, నల్లవాళ్ళు లక్షా 80 వేలమంది దాకా ఉన్నారు. ఏ సినిమాలోనూ ఆ బరువు కనపడదు.

పాతపుస్తకాల_కొట్టు
విల్ జాన్సన్ పేరుకి వెనక నిజం మనిషి ఉన్నాడు. విలియం జాన్సన్, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి లింకన్‌తో పాటు వాషింగ్టన్ వెళ్ళిన సేవకుడు, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి యువకుడు. వైట్‌హౌస్‌లో మిగతా పనివాళ్ళు అతని రంగు మరీ నలుపని పనిలో ఉండనివ్వలేదు. అప్పుడు లింకనే వేరే ఆఫీసులో ఉద్యోగం చూసిపెట్టాడు. గెటిస్‌బర్గ్‌లో ప్రసంగం చేసి తిరిగొచ్చేటప్పుడు లింకన్‌కి మశూచి తగిలింది. సేవ చేసిన జాన్సన్‌కీ వచ్చింది. లింకన్ లేచాడు, జాన్సన్ 1864 జనవరిలో పోయాడు. సినిమావాళ్ళు అతనికి గొడ్డలి ఇచ్చారు గానీ ఈ కథ ఇవ్వలేదు.

నిద్రరాని_నరసమ్మ
ఇది నాకు తెలీదు. సినిమా తీయాల్సింది ఇది.

సోషల్_మాస్టారు
టికెట్ గారూ, పెద్ద సినిమా చేసిన చిన్న తప్పునీ, చిన్న సినిమా చేసిన పెద్ద తప్పునీ ఒకే త్రాసులో వేయకండి. కనెక్టికట్ ఓట్లు ఒక ఫుట్‌నోట్‌తో సరిచేయొచ్చు. యజమానిని దెయ్యం చేస్తే సరిచేయడానికి ఏముంటుంది? దానికన్నా పెద్ద తప్పు కావాలంటే 1915 నాటి "బర్త్ ఆఫ్ ఎ నేషన్" ఉంది. అందులోనూ లింకన్‌ని ఎంతో దయామయుడిగా చూపిస్తాడు దర్శకుడు గ్రిఫిత్. ఆయన పోయాక దక్షిణాదికి దిక్కు లేకుండా పోయిందని ఏడిపించి, తర్వాత నల్లవాళ్ళ మీద దాడులు చేసే ముసుగుల క్లాన్ గుంపుని రక్షకులుగా దింపుతాడు. వైట్‌హౌస్‌లో అప్పటి అధ్యక్షుడు విల్సన్‌కి వేసి చూపించారు ఆ సినిమాని. లింకన్ బొమ్మ పెట్టుకుని ఎవడు ఏదైనా అమ్ముకోవచ్చని అప్పుడే తేలిపోయింది.

వేపచెట్టు_నీడ
మాస్టారూ, మరి మన బడుల్లో ఆయన బొమ్మ పెట్టి అమ్మేది? "కొడుకు టీచరుకి లింకన్ రాసిన లేఖ" అని ఫ్రేము కట్టి ప్రతి స్కూల్లో వేలాడదీస్తారు. లింకన్ రచనల సంపుటాల్లో అది ఎక్కడా లేదు. చిన్నప్పుడు బట్టీ పట్టించి ప్రైజు కూడా ఇచ్చారు నాకు.

కృష్ణా_కరకట్ట
వీధి దీపం కింద చదువుకున్నాడని మా తాత చెప్పేవాడు. అడవిలో చెక్క గుడిసె, వీధే లేదు, ఇక దీపం ఎవడు పెట్టాడు? పొయ్యి వెలుగులో చదివాడు ఆయన.

బ్లూమింగ్టన్_బుల్లోడు
వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఓడిపోయిన ఎన్నికల లిస్టు మర్చిపోయారు. మధ్యలో గెలిచినవి తీసేసి ఓడినవే చదువుతారు. ఇల్లినాయ్ శాసనసభకి నాలుగుసార్లు గెలిచాడు మహానుభావుడు.

మూడోక్లాసు_టికెట్
మాస్టారూ, మీ స్కూల్లో ఆ లేఖ ఉందా లేదా? నిజం చెప్పాలి.

సోషల్_మాస్టారు
ఉంది. హెడ్మాస్టరు గారి కుర్చీ వెనకాలే. దాత పేరు కూడా కింద పెద్దక్షరాల్లో ఉంది కాబట్టి ఇప్పట్లో దిగదు.

ఎర్రమందారం
దాని బదులు ఫూలే పెట్టించండి. 1873లో "గులాంగిరి"ని ఆయన అంకితం ఇచ్చింది, నీగ్రో బానిసత్వాన్ని తొలగించడంలో త్యాగాలు చేసిన అమెరికా మంచి మనుషులకి. అక్కడి యుద్ధం అయిన ఎనిమిదేళ్ళకి పూనాలో కూర్చుని మన సంగతితో కలిపి చదివాడు. అందులో దోచుకున్నది ఎవరో పేరుపెట్టి రాశాడు, పిశాచాల అవసరం రాలేదు.

సోషల్_మాస్టారు
ఇది బాగుంది. తొమ్మిదో క్లాసు వాళ్ళకి ఆ అంకితం పేజీ, రెండో ప్రమాణ స్వీకార ప్రసంగం పక్కపక్కన పెట్టి చదివిస్తా. గొడ్డలి సినిమా క్లిప్పు కూడా ఐదు నిమిషాలు వేస్తా, లేకపోతే ఎవరూ మేలుకుని ఉండరు.

రీలుపిచ్చి
గుర్రాల సీన్ వేయండి మాస్టారూ. ప్లీజ్.

చిన్నోడు_2009
థ్రెడ్ మొత్తం చదవలేదు, సినిమా సూపర్ కదా? సీక్వెల్ ఎప్పుడు? తెలుగు డబ్బింగ్ ఎక్కడైనా ఉంటే లింక్ పెట్టండి.

మోడరేటర్
పైరసీ లింకులు పెడితే తీసేస్తాం. చిన్నోడూ, థ్రెడ్ చదువు.